నూట పన్నెండో పుట

కర్నూలు,
9 ఆగస్టు 1957, శుక్రవారం

చిరంజీవి నాగసుబ్బయ్యకు నాయన దీవెనలు.

నిన్న నేనిచ్చిన తంతి చూసి నీ గుండె జారి ఉంటుంది. ఇక్కడ ఎవరూ పోలేదు. మీ అమ్మ బాగుంది. వంటింట్లో జొన్నరొట్టె తడుతూ నన్ను సాధిస్తోంది. మోకాళ్లు తప్ప నేనూ బాగున్నాను. "రిపోర్టు ఇవ్వవద్దు, ఉత్తరం వస్తోంది" అని ఎందుకు తంతి కొట్టానో చెబుతాను. ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. అవి రాస్తుంటే నాకు కొంచెం ధైర్యం చిక్కుతుంది.

మన పుస్తకాల అంగడి ఎట్లుందని అడిగావు. రాజధాని హైదరాబాదుకు పోయి తొమ్మిది నెలలైంది. ఇక్కడ సర్కారు ఆఫీసుల గుడారాలు ఎత్తేసిన చోట గాడిదలు మేస్తున్నాయి. మూడేళ్లు గుమాస్తాలు మన గడప అరగదొక్కారు. సిరా కొన్నారు, ఫైళ్లకు దారాలు కొన్నారు. చదివే పుస్తకం కొన్నవాణ్ణి వేళ్ల మీద చెప్పొచ్చు. గ్రంథాలయ సంఘం పెద్దలు ఇప్పటికీ అట్ట రంగు చూసే పుస్తకాలు ఎంచుతున్నారు. వాళ్ల కమిటీలోంచి నన్ను తీసేసింది ఆ మాట పైకి అన్నందుకే.

ఇక నీ అసలు ప్రశ్న. ఎలక్ట్రానిక్ లెక్కల యంత్రానికి ఆజ్ఞలు రాసే విద్య మీద మీ కలకత్తా అంగట్లోకి మూడు పుస్తకాలు వచ్చాయని, ఒక్కటే కొనగలవని, ఏది తీసుకోమంటావు నాయనా అని రాశావు. నువ్వు పనిచేసే ఆ యంత్రాన్ని నేను చూడలేదు, చూడబోను. పుస్తకాలను మాత్రం నలభై ఏళ్లు చూశాను.

మొదటిది లావుపాటిది, పుట తిప్పితే యంత్రం ఫోటో అన్నావు. వద్దు. యంత్రం మారిన రోజు ఆ పుస్తకం పొట్లాలకు పనికొస్తుంది. రెండోది ఒక్క ఎదురుదెబ్బా లేకుండా నున్నగా సాగుతుందని మెచ్చుకున్నావు. రాసిన ప్రొఫెసరు తన చేత్తో యంత్రానికి ఒక్క లెక్కైనా ఇచ్చి ఉండడు. ఇచ్చినవాడి రాతలో మోకాలి చిప్పలు గీరుకుపోయిన గుర్తులు కనబడతాయి. మూడోది పల్చనిది. తన ఆజ్ఞలు ఎక్కడ బోల్తాపడ్డాయో, ఆ తప్పును ఎన్నాళ్లు వెతికాడో రాసుకున్నాడట. పెద్ద లెక్కను చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కను విడిగా సరిచూసుకోమన్నాడట. తర్వాత వచ్చేవాడు చదివి దిద్దుకునేట్టు రాయమన్నాడట. ఇంత చెప్పి, "కానీ వెనక తప్పొప్పుల పట్టిక అతికించి ఉంది, అచ్చు సరిగా లేనట్టుంది" అని వెనకాడావు.

అదే కొను. తన తప్పులు తానే అచ్చేసి చూపే పుస్తకాన్ని నమ్మొచ్చు. పట్టిక లేదంటే తప్పులు లేవని కాదు, ఎవరూ వెతకలేదని.

ఈ మాట నీకు పన్నెండేళ్ల కిందట చెప్పి ఉండాల్సింది. అచ్చులో ఉన్నది తప్పు కాదు, తప్పంటూ ఉంటే మనిషిదే అని చెప్పి నిన్ను పెంచాను. పుస్తకాల అంగడివాడి గర్వం అది. దాని ఫలితం నీ ఉత్తరం చివర్న కనబడింది.

యంత్రం ఇచ్చిన జవాబు వేరేవాళ్లు వేసిన చేతిలెక్కతో కలవలేదన్నావు. యంత్రానికిచ్చిన అంకెలు నీ పాత లెక్కల పట్టికల పుస్తకం నూట పన్నెండో పుట నుంచి ఎత్తి రాసినవి కనుక అవి తప్పయ్యే వీల్లేదన్నావు. కాబట్టి ఆ అంకెలను యంత్రం చదివే కార్డుల మీద రంధ్రాలుగా కొట్టిన ఏసురాజే పొరబడ్డాడని, ఇరవయ్యో తేదీలోగా అధికారికి రిపోర్టు ఇస్తానని, దాంతో అతని పని పోతుందని, జాలిగా ఉందని రాశావు. కార్డులను నీ కాగితం పక్కన పెట్టి చూశావా? ఆ మాట ఉత్తరంలో లేదు.

ఏసురాజును నీ దగ్గరికి పంపింది నేనే. పోయిన నెల వాళ్లమ్మ కళ్లు చూపించుకోవడానికి ఎర్రగుంట్ల నుంచి పెద్దాసుపత్రికి వచ్చి, మన అంగడి మెట్ల మీద కూర్చుంది. "మావోడు మీవోని నీడన అన్నం తింటాండాడు శెట్టీ" అని చెప్పిపోయింది.

నాగసుబ్బయ్యా, నూట పన్నెండో పుట తప్పు. ఏడో వరుసలో ఒక అంకె తారుమారైంది. ఆ సంగతి నాకు పన్నెండేళ్లుగా తెలుసు.

నువ్వు అనంతపురం కాలేజీకి పోయే ముందు, నీకు బడిలో లెక్కలు చెప్పిన లక్ష్మన్న మాస్టరు ఆ పుస్తకాన్ని మద్రాసు నుంచి తెప్పించి నీ చేతిలో పెట్టాడు. మన అంగట్లోనే, నా ముందరే. "ఇట్లాంటిది ఈడ దొరకదప్పా. ఈడ ఉండేవన్నీ పరీక్షల పుస్తకాలే" అన్నాడు. నలుగురు నవ్వారు. నా కొడుకు పుస్తకం ఎంచడానికి ఈ మాస్టరు, నందికొట్కూరు సేద్యగాని బిడ్డ, కావాల్సి వచ్చిందా అని నాకు కడుపు మండింది. అట్ట వేయమని నువ్వు ఆ పుస్తకం నాకే ఇచ్చావు. వెనక పసుపు కాగితం కనబడింది. పదకొండు తప్పులు, వాటికి ఒప్పులు. దాన్ని ఊడదీసి దాచుకుని, పుస్తకానికి నున్నగా అట్ట వేసి ఇచ్చాను. మాస్టరు ఎంపిక ఎంత గొప్పదో నీకే తెలిసొస్తుందిలే అనుకున్నాను.

కాలేజీలో ఆ పుట చూసి చేసిన లెక్క తప్పినప్పుడు నువ్వు పుస్తకాన్ని తప్పు పట్టలేదు. మాస్టరును పట్టావు. లెక్క తప్పు నేర్పాడని ఆయన ఇంటికి పోవడమే మానేశావు. ఆ పుట జోలికి మళ్లీ పోయినట్టు కూడా లేవు, మొన్నటి దాకా. ఒకరోజు ఆయన అంగడికి వచ్చాడు.

"ఏమప్పా పెద్దసుబ్బయ్యా, ఆ పుస్తకం వెనక పసుపు కాగితం ఉండాల. నేను చూసినా. ఉండాదా?"

"తెప్పించింది మీరు. నన్నడిగితే యాడ తెచ్చేది సార్?"

ఆయన నా చేతుల వైపు చూశాడు. మంచినీళ్లు తాగి పోయాడు. మళ్లీ మన మెట్లెక్కలేదు.

నీ ఉత్తరం సోమవారం అందింది. మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. ఆ పుట తప్పని ఎక్కడో చదివానని రాస్తే చాలదా అనుకున్నాను. అట్లా రాశాను కూడా. చించేశాను. నిన్న నందికొట్కూరు బస్సెక్కాను. ఆయన నన్ను క్షమిస్తే నీకు రాయడం సులువవుతుందని ఆశ. చూడు, అక్కడా నా సులువే చూసుకున్నాను.

మాస్టరుకు చూపు సగం పోయింది. అరుగు మీద శెనక్కాయలు ఒలుస్తున్నాడు. పసుపు కాగితం చేతిలో పెట్టి, నీ సంగతి, ఏసురాజు సంగతి అంతా చెప్పాను. నేను ఏడ్చాను, దాచను. ఆయన కాగితం అంచులు తడుముతూ కూర్చున్నాడు.

"ఆ పిల్లోని పని ఎప్పుడు పోతాది?" అన్నాడు.

"ఇరవయ్యో తేదీ లోపల సార్."

"నీ కొడుక్కు తెలిపినావా?"

"ఇంకా లేదు. మీరొక్క మాట అంటే..."

"నా మాటెందుకప్పా? పోస్టాఫీసు అయిదింటికి మూస్తారు. ఈడ కూసోని ఏం చేస్తాండావు?"

కాగితం నాకిచ్చేసి మళ్లీ కాయలు ఒలవడంలో పడ్డాడు. నేను లేచి పోయి తంతి ఇచ్చాను.

ఆ కాగితం ఈ ఉత్తరంలో పెట్టాను. నీ అధికారికి తెలుగు రాదు కనుక జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో వేరే రాసి సంతకం చేశాను. చూపించు. నాయన పరువని దాచొద్దు. అంతకు ముందు ఏసురాజును పిలిచి కూర్చోబెట్టి, నింద వేసింది నువ్వేనని నీ నోటితో చెప్పు.

మాస్టరుకు రాయమని నేను అడగను. అడిగే మొహం లేదు. ఒకవేళ రాస్తే అక్షరాలు పెద్దవిగా రాయి. ఆయనకు చూపు ఆనదు.

ఇట్లు,
నీ పుస్తకానికి అట్ట వేసిన
నాయన,
పెద్దసుబ్బయ్య