కిటికీ మీది మట్టి కుండ

చిన్నీ, కిటికీకి రంగు వేసే ముందు ఇది చదువు. పై మూలన కాగితం గొడుగులా వేలాడేది కందిరీగల తుట్టె. దాని జోలికి వెళ్లావంటే గుంపంతా మీద పడి కుడుతుంది. కింద చెక్కకు అంటుకున్న గోళీకాయంత మట్టి కుండ మాత్రం ఒక్కదాని పని. పోయినసారి నేనే మురికనుకుని చాకుతో గీకేశాను, బుద్ధి లేక. నిన్న నోరెళ్లబెట్టి చూశాను. దారమంత నడుమున్న కందిరీగ మట్టి ముద్దలు మోసుకొచ్చి, కుండకి మెడ కూడా తీర్చింది! లోపల గుడ్డు పెట్టి, పుట్టబోయే పిల్లకి పచ్చ పురుగుల్ని కూరి, మూత వేసి వెళ్లిపోయింది. పిల్ల మొహం ఎప్పటికీ చూడదట. ఆ చెక్క వదిలేయ్.

అమ్మ

అన్నం గిన్నె మీద మూత పెట్టాను. రోజూ నేనొచ్చేసరికి నిద్రపోతావు. ఇవాళైనా మేలుకుని ఉండు, నీ మొహం చూడాలి.