మొహమాటం లేని కంప్యూటర్

3 ఆగస్టు 2003, ఆదివారం, కడియం

నిర్ణయం తీసుకున్నాను! కంప్యూటర్ కొంటున్నాను. జీతాల లెక్కలకి కాదు, విజ్ఞానానికి కాదు. గేములు ఆడుకోవడానికి. నలభై రెండేళ్ల సోషల్ మేష్టారికి గేములేంటి అంటారా? అనండి.

జరిగింది ఇది. వేసవి సెలవుల్లో హైదరాబాదులో మా అన్నయ్య ఇంటికి వెళ్లాం. వాళ్ల అమ్మాయి పావని కంప్యూటర్లో కార్ల పందెం ఆడించింది. మొదటి ఆటలో గోడని గుద్దాను. రెండో ఆటలో కాలువలో పడ్డాను. మూడో ఆటలో ఏడు కార్లని దాటి మొదట వచ్చాను! కళ్లల్లో నీళ్లు తిరిగాయి. స్కూటరు మీద వెళుతుంటే వెనక ఎవరు హారన్ కొట్టినా పక్కకి దిగిపోయే మనిషిని నేను. లారీకి సరే, సైకిలు బెల్లుకి కూడా దిగిపోతాను. ఆ కాసేపు మాత్రం ఎవ్వరికీ దారి ఇవ్వలేదు. ఆ విశ్వనాథ్, అంటే నేనే, నాకు చాలా నచ్చాడు. వాణ్ణి మళ్లీ చూడాలి.

పావని ఆ గేము సీడీ నాకే ఇచ్చేసింది. "బాబాయ్, దేన్ని తగ్గించినా గ్రాఫిక్స్ కార్డుని మాత్రం తగ్గించకు. బొమ్మల్ని పరిగెత్తించేది అదే. అది లేకపోతే నీ కారు నత్తే" అని మరీ మరీ చెప్పింది.

కాబట్టి శపథం. కంప్యూటర్లో ప్రతి భాగమూ నేనే ఎంచుకుంటాను. మొహమాటపడను. ఎవరు ఏ సలహా ఇచ్చినా "వద్దండి" అంటాను. ఆత్రేయపురంలో మొహమాటానికి పూతరేకులు తిని, మర్నాడు స్కూలుకి సెలవు పెట్టిన రోజులు అయిపోయాయి.

అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. వద్దండి. వద్దండి. వద్దండి. నా భార్య ఫణిశ్రీ గుమ్మంలో నిలబడి చూసింది. "చివర్లో ఆ నవ్వెందుకండీ? నవ్వుతూ చెబితే ఎవరు నమ్ముతారు?" అంది.

5 ఆగస్టు, మంగళవారం

కంప్యూటర్ పత్రిక తిరగేసి మొత్తం ఖాయం చేశాను.

ప్రాసెసర్: పెంటియం ఫోర్.
మదర్‌బోర్డు: గ్రాఫిక్స్ కార్డుకి విడిగా చోటున్నది.
ర్యామ్: 512 ఎంబీ. ఎక్కువే! ఉండనీ.
మానిటర్: పదిహేడు అంగుళాలు. రాజమండ్రిలోనే, కళ్లతో చూసి కొనాలి.
గ్రాఫిక్స్ కార్డు!!!

"ఊళ్లో ఎవరికీ చెప్పకండి" అంది ఫణిశ్రీ. ఎందుకు చెబుతాను?

6 ఆగస్టు, బుధవారం

ఒక్కరికే చెప్పాను. స్టాఫ్ రూములో. ఆ సమయానికి అక్కడ అందరూ ఉన్నారు.

9 ఆగస్టు, శనివారం

స్కూలుకి సెలవు. రాజమండ్రి, దానవాయిపేట. సత్తియ్య గారి కంప్యూటర్ షాపు. ఇవాళ కొనేది లేదు. ధరలు కనుక్కోవడం, వచ్చేయడం. రద్దీ ఉండదని పొద్దున్నే వెళ్లాను. తప్పంతా అక్కడే జరిగింది.

షట్టరు అప్పుడే తీశారు. దేవుడి పటం దగ్గర అగరబత్తి ఇంకా సగం కూడా కాలలేదు.

"రండి మేష్టారూ, రండి! ఇవాళ బోణీ మీదేనండి!"

"కనుక్కుందామని వచ్చానండి, అంతే."

"శుభ్రంగా కనుక్కోండి. కనుక్కుని, మీ చేత్తో ఏదో ఒకటి తీసుకోండి. బోణీ బేరం ఉత్తచేతుల్తో వెళితే రోజంతా అలాగే పోద్దండి."

నా మూలంగా ఒక మనిషి రోజంతా ఈగలు తోలుకోవడమా? చిన్నది ఏదైనా కొందామని చుట్టూ చూశాను. మౌసు అడిగితే స్టాకు లేదన్నారు. సీడీ కవర్లు మధ్యాహ్నానికి వస్తాయన్నారు. ఉన్నది స్పీకర్ల సెట్టు. చిన్నవి నాలుగు, కింద పెట్టుకునేది గుమ్మడికాయంత పెట్టె ఒకటి.

బస్సులో ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని వచ్చాను. ఆ ఖర్చుకి ర్యామ్ 256కి తగ్గింది.

ఇది మొహమాటం కాదు. బోణీ. రెండూ వేరు.

12 ఆగస్టు, మంగళవారం

సాయంత్రం పక్కింటి భీమరాజు గారు వచ్చారు. ఆయనకి పెద్ద నర్సరీ ఉంది. ఆయన మొక్కలు వెళ్లని రాష్ట్రం లేదు.

"మేష్టారండీ, మానిటర్ రాజమండ్రిలో కొంటున్నారంట? బెంగుళూర్లో మా అల్లుడున్నాడు కదండీ, చవగ్గా కొంటాడు! అక్కణ్ణించి గులాబీ మొక్కలతో మా లారీ వస్తంది. అందులో ఏయించేస్తాను."

వచ్చింది సమయం! నిటారుగా కూర్చున్నాను. "వద్దండి" అన్నాను. అన్నాను! స్పష్టంగా, పైకి వినబడేలా అన్నాను.

ఆయన నా వీపు మీద చరిచి ఒకటే నవ్వు. "మీరు మరీనండీ! మన మధ్య మొహమాటమేంటండీ?" అని అప్పటికప్పుడు అల్లుడికి ఫోన్ చేసేశారు.

నాకు దిక్కు తోచలేదు. జన్మలో మొదటిసారి మొహమాటపడకుండా మాట్లాడితే దాన్నే మొహమాటం అనుకుంటే ఇంకేం చేయాలి?

"నవ్వారా?" అని అడిగింది ఫణిశ్రీ.

కొంచెం.

18 ఆగస్టు, సోమవారం

మానిటర్ వచ్చింది. గులాబీల కన్నా తాజాగా వచ్చింది. అట్టపెట్టె పట్టుకుంటే చేతిలోకి ఊడి వస్తోంది. అంతా తడి.

లారీ క్లీనరు చిట్టియ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "లారీ ఆగినప్పుడల్లా మొక్కలకి నీళ్లు కొట్టాలండి. ఏ ఒక్కదాన్నీ వదలొద్దని రాజుగారు గట్టిగా చెప్పారండి. ఇది మజ్జిలో ఉందండి."

భీమరాజు గారి మొహం పాలిపోయింది. "ఎంత పనైపోయిందండీ మేష్టారూ!" అని తల పట్టుకుని మా అరుగు మీద కూలబడ్డారు. ఆయన్ని అలా చూడలేకపోయాను. "ఏం పర్లేదండి, ఎండబెడితే అదే సర్దుకుంటుందండి" అని ధైర్యం చెప్పాను. కాఫీ ఇప్పించాను. గుమ్మం దాకా వెళ్లి సాగనంపాను. నా మానిటర్ తడిస్తే ఆయన్ని నేను ఓదార్చాను! రాస్తుంటే ఒళ్లు మండుతోంది.

డాబా మీద ఒక పక్క మినప అప్పడాలు, ఒక పక్క మానిటర్. మబ్బు పట్టినప్పుడల్లా ఫణిశ్రీ అప్పడాలకి, నేను మానిటర్‌కి పరుగు.

22 ఆగస్టు, శుక్రవారం

మానిటర్‌ని స్కూలు కంప్యూటర్‌కి తగిలించి చూశాను. వెలిగింది!! కింద ఎడమ మూల మాత్రం ఆకుపచ్చగా ఉంది. నర్సరీ లారీలో వచ్చింది కదా, ఆ మాత్రం పచ్చదనం ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటీ నిలబెట్టుకుంటే చాలు. అదే ప్రాణం. మిగతావన్నీ ఎలా పోయినా ఫర్వాలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

హెడ్మిస్ట్రెస్ రత్నమాణిక్యం గారు పిలిపించారు.

"కంప్యూటర్ తీసుకుంటున్నారటగా విశ్వనాథ్ గారూ, చాలా సంతోషమండి. క్వార్టర్లీ పరీక్షలు దగ్గరపడ్డాయి. పేపర్లు అచ్చుకి రాజమండ్రి తిరగలేక చస్తున్నాం. ప్రింటర్ కూడా తీసుకుంటారు కదా?"

గట్టిగా ఊపిరి తీసుకున్నాను. అద్దాన్ని తలుచుకున్నాను. నవ్వకుండా నోరు తెరిచాను. బయటికి వచ్చిన మాట ఇది:

"కలర్‌దా అండి, బ్లాక్ అండ్ వైటా అండి?"

ఏం మనిషిని నేను!

రాత్రి లెక్క చూస్తే ప్రింటర్ చేరింది, గ్రాఫిక్స్ కార్డు పోయింది. అయినా మదర్‌బోర్డులోనే చిన్నపాటి గ్రాఫిక్స్ ఉంటుందట. అందరికీ అది చాలుతుందట. నత్త అనేది కూడా పావని చిన్నపిల్ల కాబట్టి అన్న మాట. పిల్లలు ఎక్కువ చేసి చెబుతారు.

30 ఆగస్టు, శనివారం

సత్తియ్య గారు స్వయంగా వచ్చి అన్నీ బిగించారు. భీమరాజు గారు వచ్చారు. రత్నమాణిక్యం గారు వచ్చి, మొదట ఏడో తరగతి సోషల్ పేపరు ప్రింట్ తీయించుకున్నారు. అందరూ కుర్చీల్లో సర్దుకున్నాక గేము పెట్టాను.

పావని ఎక్కువ చేసి చెప్పలేదు. తక్కువ చేసి చెప్పింది. కారు ఓ గజం కదులుతుంది, ఆగి ఆలోచిస్తుంది, మళ్లీ గజం. ఏడు కార్లూ వెళ్లిపోయాయి. ఒక చుట్టు తిరిగి మళ్లీ నా వెనకకే వచ్చాయి. బోణీ స్పీకర్లలోంచి ఇల్లదిరేలా హారన్.

నేను పక్కకి దిగిపోయాను.

నా కారు, నా కంప్యూటర్, నా ఇంట్లో. దిగి, ఏడు కార్లూ వెళ్లేదాకా ఆ ఆకుపచ్చ మూలలో ఆగాను. "బొమ్మ భలే ఉందండి" అన్నారు భీమరాజు గారు. పాపం, మొహమాటానికి.

అందరూ వెళ్లాక ఫణిశ్రీ వచ్చి పక్కన కూర్చుంది. "అదేంటండీ, అందులో కూడానా?" అంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఏడుపొచ్చింది నాకు.

31 ఆగస్టు, ఆదివారం. వినాయక చవితి.

పూజలో పుస్తకాలతో పాటు గేము సీడీకి కూడా పసుపు బొట్టు పెట్టాను. అట్ట మీదే.

శపథం మళ్లీ మొదలు! దసరాలోగా గ్రాఫిక్స్ కార్డు. నేనే ఎంచుకుంటాను. షాపుకి మధ్యాహ్నం వెళతాను. అప్పటికి ఎవరో ఒక మొహమాటస్తుడు బోణీ చేసి ఉంటాడు.

ఇది రాస్తుండగానే భీమరాజు గారు నర్సరీ నుంచి భోజనాలకి అరిటాకులు పట్టుకుని వచ్చారు.

"మేష్టారండీ, ఏదో కార్డు తక్కువైందంటగా? రేపు మా లారీ బెంగుళూరు..."

"వద్దండి."

నవ్వలేదు. నిజంగా నవ్వలేదు! వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

ఆయన నా వంక చూశారు. "సరేనండి" అన్నారు. తర్వాత, "కాఫీ ఉందా అండి?" అన్నారు.

అంతే! ఇంటి కప్పు కూలలేదు. ఎప్పటిలాగే రెండు కప్పులు తాగి, చిట్టియ్య మీద కబుర్లు చెప్పి వెళ్లారు. నలభై రెండేళ్లు దేనికి భయపడ్డానో నాకే తెలియలేదు.

సాయంత్రం

గేము పెట్టాను. కారు అదే నత్త. ఆరు కార్లు ముందుకి దూసుకెళ్లాయి. వెనక మిగిలిన ఒక్కటీ హారన్ మొదలెట్టింది. కారుని పక్కకి తిప్పే కీ మీదికి వేలు దానంతట అదే వెళ్లింది. లాక్కున్నాను. రోడ్డు మధ్యలోనే పోనిచ్చాను.

ఎనిమిది కార్లలో ఏడోవాణ్ణి!

ఆ ఎనిమిదోవాడు చివరిదాకా హారన్ కొడుతూనే ఉన్నాడు. స్పీకర్లు మంచివే కొన్నాను. ప్రతి మోతా శుభ్రంగా వినిపించింది.