ఎదురు ట్యూబు

మంగళవారం, రాత్రి

ఈ రోజు నాయన నెత్తురు నేనే తీశాను. అమ్మ కూడా చూలైలో నేను పనిచేసే ల్యాబుకి వచ్చింది. నెత్తురు తిప్పే మిషన్లో ఆయన ట్యూబు పెట్టి, దానికి సరిగ్గా ఎదురుగా అంతే బరువున్న నీళ్ళ ట్యూబు పెట్టాను.

"ఆడ నీళ్ళేంటికే?" అంది అమ్మ.

"ఒక పక్కే బరువుంటే తిరిగేటప్పుడు మిషన్ అదిరిపోతాదమ్మా."

"అయితే నా నెత్తురు తీసి పెట్టు."

"నీకుండేదే గుక్కెడు. అదీ తీసేస్తే నాకు కూడెవరు వండేది?" అని నాయన నవ్వాడు.

నేను స్విచ్ నొక్కాను. తిరిగే ప్రతిదీ నేరుగా పోవాలనే చూస్తుందని, దాన్ని లోపలికి మళ్ళించే బలం ఒకటి ఉండాలని కాలేజీలో చదివాను. ఇక్కడ ఆ పని ట్యూబు అడుగు చేస్తుంది. బరువైన కణాలు అడుక్కి చేరాయి, పైన పసుపు నీరు తేలింది. రోజూ చూసేదే.

క్రియాటినిన్ ఆరు దాటింది. మళ్ళీ చేస్తే మళ్ళీ అంతే. కిడ్నీలు దాదాపు పనిచేయడం లేదు. నాకేమీ అనిపించలేదు. రిపోర్టు ప్రింటు తీసి, కింద సంతకం చేసి ఇచ్చాను.

ఇంట్లో చదవగలిగేది నేనొక్కదాన్నే. నాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి నా సంతకం మీద వేలు పెట్టాడు. ఆయన గుర్తుపట్టగలిగేది అదొక్కటే.

"మన పాపే సంతకం పెట్టింది. ఇంక భయమేంటికి?" అని అమ్మతో అన్నాడు.

డాక్టరు చెప్తాడులే అన్నాను. రేపు పదింటికి డాక్టరు దగ్గరికి పోవాలి. ఆలోపు నేనే చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో...