జూలూరుపాడు దిక్కు మబ్బు

జూలూరుపాడు, ఫిబ్రవరి 18. పొద్దున మంచు, తరువాత ఎండ. కల్లంలో మిరపకాయ తిరగేశాను.

ప్రియమైన అంతోనయ్యా,

మన సుకుమార్‌ను దవాఖానా నుంచి ఇంటికి తెచ్చారని మా అబ్బాయి కోటేష్ చెప్పాడు. ఫోన్‌లో నాకు మాట వినపడదు కాబట్టి ఉత్తరం. నువ్వు ఖమ్మంలోనే ఉన్నావు, ఒకసారి చూసి ఎట్లా ఉన్నాడో రాయి. కాయ ఎండాక బస్తాలకెత్తి నేరుగా వస్తాను.

నాయన పోయి నేను కాలేజీ మానేస్తే, క్లాసులో చెప్పిన పాఠాలన్నీ రాసి జూలూరుపాడు బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపింది వాడే. నాకున్న చదువంతా ఆ కాగితాలే. ఆ మాట వాడి ముందు ఎన్నడూ అనలేదు. ఈసారి అనాలి.

వాడి కోసం మా ఇంటామె హేమ్లి పండుమిరప పచ్చడి పెట్టింది.

నీ హరిలాల్

*

ఖమ్మం, ఫిబ్రవరి 24

ప్రియమైన హరిలాల్,

చూసి వచ్చాను. మంచం మీదున్నా నోరు తగ్గలేదు. "హరిగాడు మాట్లాడుడు నేర్చిండా, ఇంకా గట్లనే ఉన్నడా?" అన్నాడు. పచ్చడి సంగతి చెబితే మరియ వదిన "డాక్టర్ కారం వద్దన్నడు" అంది. "ఆ డాక్టర్ హేమ్లి చేతి పచ్చడి తిన్నడా ఏంది?" అని నవ్వాడు.

కాస్త నీరసం, అంతే. తొందరేం లేదు, కల్లం వదిలి రావద్దు.

మన క్లాసు వెంకటకృష్ణకు రెండో కంటికీ ఆపరేషన్ అయింది. అద్దంలో ఎవరో ముసలాయన కనపడుతున్నాడని బాధపడుతున్నాడు.

నీ అంతోనయ్య

*

జూలూరుపాడు, మార్చి 3. మబ్బు. కాయ మీద పట్టాలు కప్పాను.

ప్రియమైన అంతోనయ్యా,

తడిస్తే కాయ తెల్లబడి తాలైపోతుంది, సగం ధర కూడా రాదు. "నేను చూసుకుంట, నువ్వు పో. దోస్తు కంటే మిరప ఎక్కువనా?" అంది హేమ్లి. చొక్కా వేసుకున్నాను. నీ ఉత్తరం మళ్ళీ చదివి, తొందరేం లేదన్నావు కదా అని విప్పేశాను.

ఒక్క వారం. వాడికి చెప్పు.

నీ హరిలాల్

*

ఖమ్మం, మార్చి 11

ప్రియమైన హరిలాల్,

సుకుమార్‌ను మట్టి చేసే వేళకు వచ్చావు. పిడికెడు మట్టి వేసి అటునుంచటే బస్సెక్కావు. ఎదురుగా చెప్పలేనిది రాస్తున్నాను.

రోజులే మిగిలాయని మొదటిసారి వెళ్ళినప్పుడే వదిన చెప్పింది. నీకు రాస్తానంటే సుకుమార్ నా చెయ్యి పట్టుకున్నాడు. "కల్లంల కాయ ఉన్నదా? అయితే రాయకు. వాడు అన్నీ ఇడిసిపెట్టి వస్తడు. మా నాయన గిట్లనే ఒక దోస్తు చావు చూడపోయి వచ్చేటాళ్ళకు కల్లం తడిసింది. మళ్ళ లేవలే ఆయన."

మాట ఇచ్చాను. చివరి పొద్దున అడిగింది ఒక్కటే: "జూలూరుపాడు దిక్కు మబ్బున్నదా?"

లేదన్నాను. ఉంది.

పాఠాల సంగతి వాడికి చెప్పలేదు. నువ్వే చెప్పాలన్నావని ఆగాను. అంతకు మించిన తెలివితక్కువ పని నా జన్మలో చేయలేదు.

నీ అంతోనయ్య

*

జూలూరుపాడు, మార్చి 15. మంచి ఎండ. పట్టాలు మడిచి పెట్టాను.

ప్రియమైన అంతోనయ్యా,

నిన్ను ఏమీ అనను. మాట ఇచ్చావు, నిలబెట్టుకున్నావు. వాన మాత్రం ఇటు రానేలేదు. మబ్బు అట్లాగే గోదావరి వైపు వెళ్ళిపోయింది.

ఆ రోజు పచ్చడి సీసా నా సంచిలోనే ఉంది. వదిన చేతికి ఇవ్వలేకపోయాను. అట్లాగే తిరిగి తెచ్చాను. హేమ్లి సీసా తీసి అటక మీద పెట్టింది.

కాయ గలగలమంటోంది. ఇవాళ ఎత్తాలి. ఎత్తగానే వాడి దగ్గరికి వస్తానన్నాను కదా, అందుకే పొద్దుటి నుంచి మడిచిన పట్టాలే మళ్ళీ మడుస్తున్నాను. హేమ్లి ఖాళీ బస్తా మూతి తెరిచి పట్టుకుని నిలబడింది. "ఏందయ్యా, రావా?" అంటోంది. ఇది ఇక్కడ ఆపి వెళుతున్నాను.

నీ హరిలాల్