ఉత్తరగాలి పావడా

పారిస్, ఆదివారం పొద్దున, చర్చికి పోకుండా

పెరీన్ అక్కకి,

నువ్వు కులాసాగానే ఉన్నావని నాకు తెలుసు, కిటికీలోంచి చూశాను. నేను మాత్రం కులాసాగా లేను.

పోయిన చలికాలం ఆ ఫ్లోరిమోన్ గాడి టోపీలోంచి ఒకే ఒక్క ఈక పీకానని, నర్తకులెవరూ మీ కుట్టుశాల గడప తొక్కకూడదని డైరెక్టరుగారు హుకుం జారీ చేశారు కదా. తమ్ముడు సొంత అక్కతో మాట్లాడాలన్నా ఉత్తరం రాసుకోవలసిన గతి పట్టించారు. సరే, గడప తొక్కకూడదన్నారు గానీ కిటికీలోకి చూడకూడదని ఎవరూ అనలేదు. పెరటివైపు వెళ్లి, చేపలమ్మే మార్గో ఖాళీ పీపా ఒకటి బోర్లించి, ఎక్కి చూశాను.

ఏం చూశానో నీకు తెలుసు. కొయ్యబొమ్మకి తొడిగిన ఆ వెండిజరీ దుస్తులు. నడుము చుట్టూ తిమింగలం ఎముకల చట్రం, దాని మీద గొడుగులా విచ్చుకున్న పావడా, తల మీద నీలం ఈకలు. అంతా ఆ ఫ్లోరిమోన్ కోసం. బొమ్మ నడుము చూడగానే గుర్తుపట్టాను. వాడి పొట్ట ఈ మధ్య గుమ్మడికాయలా తయారైంది కదా, దానికి తగ్గట్టే ఊక కుక్కి ఉబ్బించారు.

అక్కా, కొత్త బ్యాలేలో నేను ఉత్తరగాలిని, వాడు పిల్లగాలి. ఇద్దరికీ తోలు ముసుగులే, ఎవరి ముఖమూ కనబడదు. ఎవరు గొప్పో జనానికి తెలిసేది పావడా వెడల్పును బట్టే. మొదటి ఆటలో ఎవరికి చప్పట్లు ఎక్కువ పడితే వాడికే ప్రథమ నర్తకుడి స్థానం అంటున్నారు డైరెక్టరుగారు. ఓడినవాడు రువాన్ పట్నం పోయి వర్తకుల పిల్లలకి వంగి నమస్కారం పెట్టడం నేర్పుకుంటూ బతకాలి. ఆ ప్రథమ స్థానం ఇన్నాళ్లూ నాదే. పిల్లగాలికి అంత పావడా ఉంటే ఉత్తరగాలికి దానికన్నా ఒక జానెడు ఎక్కువ ఉండాలి. అంతే.

కడుపు మండుతున్న నీ తమ్ముడు,
బర్నబే

తాజాకలం: ఆ నీలం ఈకలు బాగున్నాయి. అందుకే ఏడుపొస్తోంది.

* * *

కుట్టుశాల, సోమవారం

పీపాలెక్కే తమ్ముడు బర్నబేకి,

నీ ఉత్తరం అందింది. చదివి, మడిచి, సూదుల పెట్టెలో దాచాను. మళ్లీ తీసి మళ్లీ చదివాను, మాకిక్కడ వేరే కాలక్షేపం లేదు.

ఎవరి దుస్తులు ఎలా ఉంటాయో ఇంకొకరికి చెప్పనని సెయింట్ జెనెవీవ్ బొమ్మ ముందు మా అందరిచేత డైరెక్టరుగారు ఒట్టు వేయించుకున్నారు. కనుక నువ్వు చూసింది ఎవరిదని నన్ను అడగకు, నేను చెప్పను. నీ పావడా ఒక జానెడు పెంచమన్నావు, పెంచాను. ఆ పొట్ట గురించి కూడా నేనేమీ అనను. ఒట్టు ఒట్టే.

కానీ ఒక్క మాట. నీ మోకాళ్లు నీకున్న ఆస్తి. ఇంకా వెడల్పు చేస్తే నువ్వు ఎగిరినా, కుంటినా జనానికి ఒకటే.

నీ మేలు కోరే అక్క,
పెరీన్

తాజాకలం: తన పీపా మీద ఎవడో దొంగ ఎక్కాడని మార్గో కేకలు పెడుతోంది. పట్టుచొక్కా వేసుకున్న దొంగట. ఈసారి పాతది వేసుకుని రా.

* * *

పారిస్, గురువారం, తడి మేజోళ్లతో

పెరీన్ అక్కకి,

వానలో నిలబడి మళ్లీ చూశాను. ఇదా నువ్వు నాకు చేసే న్యాయం? వాడి పావడా కూడా సరిగ్గా జానెడు పెరిగింది. నేను నీకు రాసిన మాట వాడి చెవిలో ఎవరు ఊదారు? ఒట్టంతా నాకేనా, వాడికి లేదా?

రిహార్సల్లో వాడు నన్ను చూసి నవ్వాడు. మామూలు నవ్వు కాదు, జాలి నవ్వు. "బర్నబే అన్నా, మెట్లు జాగ్రత్త" అన్నాడు. అన్నా అట. నాకూ వాడికీ వయసులో ఎంత తేడా ఉందని? పైగా రోజూ ఒళ్లంతా కప్పే పాత వదులు అంగీతోనే వచ్చి సాధన చేస్తున్నాడు, తన దుస్తుల గొప్ప ముందే బయటపడకూడదని. ఎంత గుంటనక్కో చూడు.

నాకు ఇంకో రెండు జానలు పెంచు. వెండి నక్షత్రాలు కుట్టించు. నిప్పుకోడి ఈకలు రెండు వరసలు పెట్టు. కిందినించి చూసేవాడికి మెడ నొప్పి పుట్టాలి.

అన్యాయమైపోయిన,
బర్నబే

తాజాకలం: వాడి పొట్ట ఇంకా పెరిగింది. ఆ ఒక్కటే నాకు ఊరట.

* * *

కుట్టుశాల, శుక్రవారం

తమ్ముడికి,

రెండు జానలూ పెంచాం. నక్షత్రాలు కుట్టీ కుట్టీ మా కుట్టుపని పిల్లల వేళ్లకి చిల్లులు పడ్డాయి. చట్రం బిగించే వడ్రంగి తాత నీకో మాట చెప్పమన్నాడు. వేదిక మీద పక్కన నిలబెట్టే ఆ బొమ్మ కొండలు రెండున్నాయే, వాటి మధ్యలోంచే నువ్వు రావాలి. ఆ సందు పెరగదు, నీ పావడా పెరుగుతోంది. పక్కకి తిరిగి రమ్మంటున్నాడు.

పొట్ట మాట మళ్లీ ఎత్తావు. నాకు నవ్వాగట్లేదు, కారణం అడగకు.

అక్క,
పెరీన్

తాజాకలం: అమ్మ పంపిన బేరిపళ్ల జామ్ నీ వాటా దాచాను. ఈ కొలతల లెక్కన నువ్వు తినకపోవడమే మంచిది.

* * *

పారిస్, ఆదివారం, ఒక కాలు కట్టుతో

శ్రీమతి పెరీన్‌గారికి,

ఇకమీదట అక్క అని పిలవను. మూడోసారి చూశాను. ఆ బొమ్మకి నక్షత్రాలు. ఆ బొమ్మకి రెండు వరసల నిప్పుకోడి ఈకలు. నేను కోరిందల్లా ముందు వాడికి చేరుతోంది. చిన్నప్పుడు నాకు గంజిపెట్టిన చొక్కా తొడిగి వీధిలో తిప్పినదానివి, ఇవాళ ఆ గుమ్మడికాయకి అక్కవయ్యావు. వాడి మీద అంత ముద్దుంటే వాణ్ణే దత్తత తీసుకో.

ఉత్తరగాలి పక్కకి తిరిగి రావడమా? దొంగపిల్లిలా దూరడమా? ఎదురుగానే వస్తాను. ఇంకో రెండు జానలు పెంచండి. ముసుగుకి బుగ్గలు ఉబ్బించండి, వాడి పిల్లగాలి నా ఊదుడుకి ఎగిరిపోవాలి.

మీ విధేయుడు,
బర్నబే లవాల్

తాజాకలం: పీపా విరిగింది. మార్గోకి నా పేరు చెప్పకండి.

* * *

పారిస్, మొదటి ఆట మర్నాడు, మంచం మీంచి

అక్కా,

అక్క అనే పిలుస్తున్నాను, ఇంక నాకెవరున్నారు.

అంతా అయిపోయింది. వాయిద్యాలు మోగగానే ఎదురుగా ఒక్క ఊపున బయల్దేరాను. బొమ్మ కొండల మధ్య ఇరుక్కుపోయాను. చట్రం ఇటు ఒక కొండని పట్టుకుంది, అటు ఇంకో కొండని. ముందుకి పోలేను, వెనక్కి రాలేను. చేతులు ఆడించాను, ఒళ్లంతా విదిలించాను, ఈకలు రాలాయి, నక్షత్రాలు తెగి పడ్డాయి. ముసుగులో ఊపిరాడక కోతిలా గిలగిల కొట్టుకున్నాను.

అప్పుడు వాడొచ్చాడు. ఎలా వచ్చాడనుకున్నావు? చట్రం లేదు, పావడా లేదు, ఈక లేదు. దోమతెరలాంటి పల్చటి గుడ్డ ఒకటి. పైగా ముసుగు లేదు. ముఖం ముఖంలాగే పెట్టుకుని వచ్చాడు. పొట్ట కూడా లేదు, అక్కా. గరిటకాడలా ఉన్నాడు. నేనింక చూడలేదు, కళ్లు మూసుకున్నాను. హాలు దద్దరిల్లింది. ఆ చప్పట్లు ఇంకా చెవుల్లో మోగుతున్నాయి. తెరపడ్డాక వడ్రంగి తాత రంపంతో కోసి నన్ను బయటికి తీశాడు. ఎవరి ముఖమూ చూడకుండా ఇంటికొచ్చి పడ్డాను.

రువాన్ బండి ఎప్పుడు బయల్దేరుతుందో కనుక్కుని చెప్పు. ఒక్కటి మాత్రం చెప్పు, కిటికీలో కనబడ్డ ఆ దుస్తులు మరి ఎవరివి?

ఓడిపోయిన,
బర్నబే

తాజాకలం: జామ్ పంపు. ఇంక కొలతలతో పనేముంది.

* * *

కుట్టుశాల, అదే సాయంత్రం

నా పిచ్చి తమ్ముడికి,

ఆట అయిపోయింది కాబట్టి ఒట్టు తీరింది. కిటికీలో ఉన్నవి నీ దుస్తులే. మొదటి రోజు నుంచీ నీవే. నువ్వు జానెడు పెంచమంటే పెంచాను, మళ్లీ వచ్చి చూసి దానికన్నా ఇంకా ఎక్కువ కావాలన్నావు. నీ పావడా మీద నువ్వే అసూయపడి సగం గోదాం గుడ్డ ఖర్చు చేయించావు. ఆ బొమ్మ నీ కొలతలతో చేసిందే. ఆ పొట్టా నీదే. పోయిన నెల మీ రిహార్సల్‌కి వచ్చి నేను స్వయంగా టేపు పెట్టి కొలిచాను, నువ్వు ఊపిరి బిగబట్టినా దాగలేదు.

ఫ్లోరిమోన్ గుడ్డ నా సొరుగులో పట్టింది. అందుకే నీకు ఎక్కడా కనబడలేదు. ఇది నీది అని నేను చెబితే, మరి వాడిదేది అని మర్నాడే అడిగేవాడివి. నీ దగ్గర ఏం దాచగలం చెప్పు.

ఇప్పుడు మంచం మీంచి లేచి కూర్చుని చదువు. నువ్వు ఇరుక్కున్నావని హాల్లో ఒక్కడికీ తెలియదు. ఉత్తరగాలిని కొండలు బంధించాయి, అది తెంచుకోవాలని పెనుగులాడుతోంది అనుకున్నారు. రాలిన ఈకలు మంచట, తెగిన నక్షత్రాలు వడగళ్లట. ముందు వరసలో ఒక ముసలి దొరసాని శాలువా కప్పుకుంది. పాపం ఫ్లోరిమోన్ ముందుకొచ్చి ఎగిరితే, అడ్డం తప్పుకోమని వెనకనించి అరిచారు. ఆ చప్పట్లు నీకు, దద్దమ్మా. కళ్లు తెరిచి ఉంటే తెలిసేది.

ప్రథమ నర్తకుడివి నువ్వే. డైరెక్టరుగారి హుకుం ఏమిటంటే, ఇకమీదట ప్రతి ఆటలోనూ నువ్వు అలాగే ఇరుక్కోవాలి. కొండలకి మేకులు కూడా బిగించారు. కాబట్టి ఆ మోకాళ్లతో ఇక పని లేదు, జామ్ మొత్తం పంపుతున్నాను.

నీ అక్క,
పెరీన్

తాజాకలం: ఇందాక ఫ్లోరిమోన్ పెరట్లోకి వచ్చాడు. మార్గో కొత్త పీపా ఎక్కి, మేం అతుకులు వేస్తున్న నీ పావడాని కిటికీలోంచి చాలాసేపు చూశాడు. తనకి రేపటికల్లా ఒక పావడా కావాలట, నీ దానికన్నా జానెడు ఎక్కువ. నీకు చెప్పనని ఒట్టు వేశాను. చదవగానే ఈ ముక్క చింపి పొయ్యిలో పడెయ్, నువ్వు మాత్రం మళ్లీ నాకు ఉత్తరం రాయకు.