తాబేలుకు కొత్త స్ప్రింగులు

అమ్మకు,

చాలా ఏళ్లుగా ఒక ప్రశ్న నాలో ఉండిపోయింది. అంత భయపడేదానివి, రోజూ సాయంత్రం మనం తాబేలు అని పిలిచే నాన్న కారు ఎందుకెక్కుతావు?

చిన్నప్పుడు నన్ను ఆ రెండు సీట్ల వెనక సామాన్ల చోటులో కూర్చోబెట్టేవాళ్ళు. అక్కడి నుంచి మీ వీపులు తప్ప ఏమీ కనిపించేవి కావు. కొండ మీది టీ కొట్టుకు వెళ్ళే దారిలో పెద్ద మలుపు రాగానే తాబేలు ఒక పక్కకు ఒరిగేది, నీ భుజాలు బిగుసుకునేవి. కొట్టు దాకా మీరిద్దరూ ఒక్క మాటా మాట్లాడుకునేవాళ్ళు కాదు. దిగీ దిగగానే తగువు. మీ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమేనా అన్న అనుమానం నాకు అక్కడే, ఆ సామాన్ల మధ్యే పుట్టింది. నలభై దాటాక అడుగుతున్నాను, అదీ ఉత్తరంలో. ఎదురుగా అయితే నోరు పెగలదు.

జవాబు రాయాలనిపిస్తేనే రాయి. ఈలోగా నా చేతనయిన పని చేస్తాను. పోయినసారి వచ్చినప్పుడు తాబేలు కిందికి దూరి చూశాను. వెనక చక్రాల మీద బరువు మోసే ఇనప కమాను కట్టలు వంపు పోయి చాపలా పడుకున్నాయి. షాక్ అబ్సార్బర్లు నూనె కక్కేసి ఊరికే వేలాడుతున్నాయి. అలాంటి బండి మలుపులో ఒరగక ఏం చేస్తుంది? గట్టి కమాను కట్టలు, కొత్త స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్లు, ముందు చక్రాలు రెంటినీ కలిపి పట్టే అడ్డకమ్మీ పార్సిల్ చేస్తాను. మన స్ప్రింగుల మేస్త్రీ బిగిస్తాడు. పాత కారే అయినా పుట్టింది పందేల కోసం కదా, ఒంట్లో సత్తువ వస్తే మలుపులో నేలకు అతుక్కుని పోతుంది. నీ భయం తీరుతుంది.

ఇది సరైన పనేనా అని చాలా తటపటాయించాను. సరైనదే అనిపిస్తోంది, ఇప్పటికి.

నీ కూతురు

తా.క. ‘నువ్వు కాలేజీలో చెప్పేది తర్కశాస్త్రమే గానీ కార్ల శాస్త్రం కాదు కదే’ అంటావని తెలుసు. కారణం, ఫలితం రెండుచోట్లా ఒకటేనమ్మా.

*

అమ్మాయికి,

నేను క్షేమం, మీ నాన్న క్షేమం. కారు కూడా క్షేమంగానే ఉంది, దాని జోలికి రాకు.

భయమా, నాకా? ఎవరు చెప్పారు నీకు? బండి ఒరిగితే ఒరగనీ. మీ నాన్న కుర్చీలో కూర్చున్నా ఒక పక్కకే ఒరుగుతారు, ఆయనకూ స్ప్రింగులు వేయిస్తావా? ఆ బండితో నాకున్న బాధల్లా కాళ్ళ దగ్గర దొర్లే గుండ్రాయి. ఎక్కడ ఆగినా నేనే దిగి చక్రం కింద పెట్టాలి. ఆయన మహారాజులా కూర్చుని చూస్తారు. పెళ్ళయిన కొత్తలో చెయ్యి పట్టుకుని దింపేవారు, ఇప్పుడు రాయి చేతికిస్తున్నారు.

ఇష్టం గిష్టం అని ఏదో రాశావు. పొయ్యి మీద పాలున్నాయి, ఆ ముక్క సరిగా చదవలేదు.

మీ అమ్మ

తా.క. తల్లీ, ఇది నేను, మీ నాన్నని. ఉత్తరం పోస్టులో వేసే పని నాది కనుక మీ అమ్మకు తెలియకుండా అడుగున ఇంత చోటు చేసుకున్నాను. పంపించు. మీ అమ్మ వద్దందంటే అది తప్పకుండా కావలసిందే అని నా అనుభవం.

*

అమ్మకు,

పార్సిల్ వెళ్ళిపోయింది. ఇంత బరువు పుస్తకాలేంటండీ అని పోస్టాఫీసు ఆయన అడిగితే నిజం చెప్పాను. మా అమ్మానాన్నల మనశ్శాంతి అన్నాను. ఆయన పెట్టె మీద ‘పగిలే వస్తువు’ అని రాశాడు.

మేస్త్రీకి విడిగా రాశాను. కింద దూరినప్పుడు అరిగినది, ఊడినది ఏది కనబడినా బాగుచేసేయమన్నాను.

నీ కూతురు

తా.క. పాలు పొంగిపోలేదు కదా. ఆ ముక్క తీరిగ్గా మళ్ళీ చదువు.

*

అమ్మాయికి,

నేను క్షేమం, మీ నాన్న క్షేమం. కారు ఏ దిక్కుకు చూస్తోందో కింద రాస్తున్నాను.

మేస్త్రీ వచ్చి అన్నీ బిగించాడు. పోతూ పోతూ నా గుండ్రాయి తీసి, ఇక దీనితో పని లేదమ్మగారూ అని కాలువలో పడేశాడు. సాయంత్రం బయల్దేరాం. గుంతలో పడ్డప్పుడల్లా నా పళ్ళు నాకున్నాయో లేవో తడుముకున్నాను. అయినా నోరెత్తలేదు, కూతురు ముచ్చటపడి పంపిందని. మలుపు వచ్చింది. బండి గిర్రున తిరిగి, వచ్చిన దారికే మొహం పెట్టి, దర్జీ కొట్టు ముందు నిలబడింది.

దర్జీ మెడలో టేపుతో బయటికొచ్చి, ఏం మర్చిపోయి వెనక్కి తిరిగారండీ అని అడిగాడు. మీ నాన్న తొణకలేదు. చొక్కా కొలతలు అన్నారు. దిగి, కొలతలిచ్చి మరీ వచ్చారు.

స్ప్రింగుల వల్లే అయివుంటుంది. నాకు వేరే కారణమేదీ కనబడటం లేదు.

మీ అమ్మ

తా.క. స్ప్రింగులదే తప్పు తల్లీ. ముమ్మాటికీ స్ప్రింగులదే. ఇంకేదైనా కావచ్చేమో అని ఆలోచించి బుర్ర పాడుచేసుకోకు. నేనొక్కణ్ణే తీసుకెళ్తే మాత్రం దానంత బుద్ధిమంతురాలు లేదు. చొక్కా బాగా కుదిరింది.

*

అమ్మకు,

తప్పు నాదే. బండి వెనక భాగం మరీ బిగుతైతే మలుపులో తోక విసురుతుందని కార్ల పుస్తకంలో ఉంది. చదివి కూడా గట్టి కట్టలే పంపాను. నా సంగతి నీకు తెలుసుగా, ఒకదాన్ని అనుమానించడంలో పడి రెండోది మర్చిపోతాను. ఈసారి కాస్త మెత్తటివి పంపుతున్నాను.

అయినా ఒకటి అంతుపట్టడం లేదు. నాన్న ఒక్కరే ఉంటే తాబేలు బుద్ధిగా తిరుగుతోందని మేస్త్రీ కూడా రాశాడు. నువ్వు ఎక్కినప్పుడే తోక విసురుతోంది. బండి అదే, దారి అదే, నడిపే మనిషీ అదే. తర్కం ప్రకారం మిగిలిన తేడా నువ్వొక్కదానివే. మరోలా అనుకోకమ్మా. నీ బరువెంత?

నీ కూతురు

తా.క. ఉజ్జాయింపుగా చెప్పినా చాలు.

*

అమ్మాయికి,

నేను క్షేమం. నా బరువు క్షేమం. నిన్ను చదివించినందుకు మాత్రం చింతిస్తున్నాను.

ఇన్నేళ్ల కాపురంలో మీ నాన్నకే రాని ధైర్యం నీకొచ్చింది. నిన్ను మోసిన రోజుల్లో కూడా ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

మెత్తటి కట్టలు వేయించాం. ఈసారి బండి మలుపులో పక్కకు జారి జారి, మొక్కలు అమ్మే కొట్టులో కుండీల వరసల మధ్య ఆగింది. ఒక్క కుండీ పగల్లేదు, అది నీ స్ప్రింగుల గొప్పే అనుకో. నేను అక్కడే దిగేశాను. ఇక ఆ బండి ఎక్కను.

ఇప్పుడు నేను నడిచి వెళ్తున్నాను, ఆయన కారులో వస్తున్నారు. చెరో బల్ల దగ్గర కూర్చుంటున్నాం. నిన్న టీ కొట్టాయన రెండు గ్లాసులూ పట్టుకుని ఎటు రావాలో తెలియక నడిమధ్య నిలబడిపోయాడు. నువ్వెక్కని బండి నాకెందుకు అని మీ నాన్న దాన్ని పళ్ళ డాక్టరుకు ఇచ్చేస్తానంటున్నారు. ఆదివారం వచ్చి తీసుకెళ్తాడట.

మీ అమ్మ

తా.క. డాక్టరు నడిపి చూశాడు తల్లీ. మలుపులో వేలెత్తి చూపడానికి లేదు, ఎవరు చేయించారు ఈ పని అని నిన్ను తెగ మెచ్చుకున్నాడు. కానీ, పక్క సీటు ఖాళీగా ఉంటే బండి ఎంత బాగా మలుపు తిరిగి ఏం లాభం?

*

అమ్మకు,

బండి ఇవ్వనీయకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

మీరిద్దరూ రోజు మొత్తంలో పక్కపక్కన కూర్చునేది ఆ రెండు సీట్లలోనే. ఆ సంగతి నాకు సామాన్ల చోటులో తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది. ఒరిగే బండిని నిలబెట్టబోయి మిమ్మల్ని చెరో బల్ల దగ్గర కూర్చోబెట్టాను. పాతవన్నీ మళ్ళీ వేయిస్తాను. తుప్పు పట్టినా సరే పారేయొద్దని మేస్త్రీకి చెప్పు. సెలవు పెట్టి వస్తున్నాను.

నీ కూతురు

తా.క. బరువు సంగతి మర్చిపో. కూర్చుని లెక్క వేశాను, నీ బరువు ఎంతైనా కారణం అది కాదు.

*

అమ్మాయికి,

నేను క్షేమం. తక్కినవాళ్ళ సంగతి వాళ్ళనే అడుగు.

ఎంతైనా అన్నావు చూడు, ఆ మాట గుర్తుంచుకుంటాను. సెలవు పెట్టకు. పిల్లలకు పాఠాలు పోతాయి. మా తగువు మేం చూసుకుంటాం.

మీ అమ్మ

తా.క. తల్లీ, ఇక దాచలేను. పెళ్ళయిన కొత్తలో మలుపు వస్తే చాలు, మీ అమ్మ భయపడి హ్యాండ్ బ్రేకు లాగేసేది. చెప్తే వినే మనిషి కాదు. అందుకని దాని తీగ కింద ఊడదీయించాను. లివరు ఉంటుంది, లాగితే లేస్తుంది, బండికి మాత్రం తెలియదు. ఇన్నేళ్ళూ తను లాగుతూనే ఉంది. టీ కొట్టు దగ్గర నా ప్రాణం కాపాడినట్టు దిగుతుంది. బ్రేకు లేదు కనుకే చక్రానికి రాయి. ఊడినదల్లా బాగుచేయమని నువ్వు రాశావట, మేస్త్రీ ఆ తీగ కూడా తగిలించేశాడు. మీ అమ్మ లాగగానే ఈసారి నిజంగానే బ్రేకు పడింది, మిగతాది దర్జీకి తెలుసు. మళ్ళీ ఊడదీయమంటే బ్రేకు పీకిన పాపం నాకొద్దంటున్నాడు. నేను కిందికి దూరితే మళ్ళీ లేవలేను. మీ అమ్మకు చెప్పకు. ఉత్తుత్తి లివరు లాగించానని తెలిస్తే బతకనివ్వదు. ఉండు, బంక సీసా ఎక్కడో పెట్టాను, వెతికి అంటిస్తాను.

తా.క. ఇది నేనే, మీ అమ్మని. బంక వెతుక్కోవడానికి ఆయన ఉత్తరం విప్పి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళారు. ఆయన అడుగున గిలికినవన్నీ ఇలాగే చదువుతున్నాను. లివరు ఉత్తుత్తిదని నాకు మొదటి ఏడాదే తెలుసు. చక్రం కింద రాయి పెట్టేది నేను కదా, ఆ మాత్రం తెలియదా? మరెందుకు లాగుతున్నావంటావు. మలుపులో గేరు మార్చడానికి ఆయన చెయ్యి కిందికొస్తుంది. లివరు గేరు పక్కనే. నా చెయ్యీ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఆయన నమ్మాలని కాస్త గట్టిగానే లాగేదాన్ని. చచ్చిన పాము లేచి కాటేస్తుందని కలగన్నానా? రెండోసారి అంటావా, అలవాటు పడ్డ చెయ్యి మన మాట వినదు. పొద్దున దర్జీ దగ్గర పట్టకారు తెచ్చి, నేనే కిందికి దూరి బ్రేకు తీగను పట్టి ఉంచే పిన్ను లాగేశాను. ఇప్పుడది నా సూదుల డబ్బాలో ఉంది. కొత్త రాయి కూడా చూసి పెట్టుకున్నాను. మా బండి వేళ్ళు గట్టివి, పీకినా ఊడదు అని పళ్ళ డాక్టరుకు కబురు పంపాను. ఇదేదీ మీ నాన్నకు చెప్పకు. జవాబు దర్జీ కొట్టుకు రాయి. వస్తున్నారు, ఉంటాను.

*

అమ్మకు,
దర్జీగారి ద్వారా.

నాన్న విడిగా ఉత్తరం రాశారు. తాబేలు దానంతటదే దారికొచ్చిందట, మెత్తటి కట్టలు సర్దుకుని ఉంటాయట, నువ్వు మళ్ళీ ఎక్కుతున్నావట, రాయి మోయలేక తిడుతున్నావట. నా చదువును కూడా మెచ్చుకున్నారు. సెలవు మానుకున్నాను.

వెనక కూర్చున్నంత కాలం నేను మీ భుజాలే చూశాను. రెండు సీట్ల మధ్య కింద ఏం జరుగుతోందో నాకు కనబడే వీలు లేదు. కనబడని దాన్ని భయం అనుకున్నాను. నా మొదటి ప్రశ్నకు జవాబు వచ్చేసిందనుకుంటున్నాను. పాలు పొంగినా సరే, ఇక అడగను.

నీ కూతురు

తా.క. ఒక్కటి మాత్రం వదలడం లేదమ్మా. నాన్న బంక సీసా నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన ఉత్తరాలు రాసే ఆ బల్ల సొరుగులోనే ఉంది. పోయినసారి వచ్చినప్పుడు కూడా అక్కడే చూశాను. కళ్ళజోడు ఒక్క అంగుళం జరిగితే ఇల్లంతా ఏకం చేసే మనిషి, ఆ సీసా కోసం ప్రతిసారీ లోపలికి ఎందుకు వెళ్ళినట్టు? ఉత్తరాన్ని విప్పి నీ ఎదుట ఎందుకు వదిలినట్టు? తర్కం ఒక జవాబు చెబుతోంది గానీ, నీ బరువు అడగమన్నదీ ఆ తర్కమే. నీకు తెలుసని ఆయనకు తెలుసో తెలియదో నేను తేల్చుకోలేకపోతున్నాను. ఈ సంగతి నీకు రాసి మంచిపని చేశానో లేదో, అది కూడా.