సీసా మందు, మాత్ర

డాక్టరమ్మ గారికి,

ఈ ఉత్తరం మా అక్కతో పంపుతున్నాను. థైరాయిడ్‌కు మాత్రకంటే సీసా మందే ఒంటికి బాగా పడుతుందని మందు కంపెనీ కరపత్రం చూపించి, మీతో వాదించి, అమ్మకు అది రాయించుకున్నవాణ్ణి నేనే.

వారంగా అమ్మకు ఒకటే గుండెదడ, చేతుల వణుకు. మందులో కల్తీ ఉందంటూ షాపతని మీదికి పోట్లాటకు బయల్దేరాను. అమ్మ ఆపింది.

"అతన్నేమీ అనకురా. నీ మాట కాదనలేక సీసా మందు తాగాను. నీళ్ళలా ఉంటే నమ్మలేక, మిగిలిన పాత మాత్ర కూడా వేసుకున్నాను."

రోజూ రెండూ! అంటే ఒకే మందు రెండింతలు. ఈ పూట రెండూ ఆపించాను. అదీ తప్పేమోనని భయంగా ఉంది. కరపత్రంలో దీని గురించి ఏమీ లేదు. వెంటనే రండి. అమ్మను మాత్రం కసరకండి. ఇది రాస్తున్నంతసేపూ నా ఎడమ చెయ్యి ఆమె నాడి మీదే ఉంది.

మీతో వాదించినవాడు